కాలువ అవతలి ఆదివారాలు

మా ముత్తాతగారు గ్రామ మునసబు. ఆయన కొడుకు, అంటే మా తాతగారు, గ్రామ మునసబు. మా నాన్నగారూ అంతే. కొత్తపేటకూ పలివెలకూ మధ్య ఉన్న మా ఊళ్ళో ఆ ఉద్యోగం మా ఇంటి గడప దాటి ఎన్నడూ బయటికి పోలేదు. మా వీధి అరుగు మీద గోడకు ఆనించి ఒక టేకు బల్ల ఉండేది. తగాదా చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళు దాని మీద కూర్చునేవారు. ఎదురుగా పడక కుర్చీలో మా పెద్దలు కూర్చునేవారు. చిన్న చిన్న దావాలు విచారించి తీర్పు చెప్పే అధికారం ఆ రోజుల్లో మునసబుకు ఉండేది. మొగుడూ పెళ్ళాల గొడవలు ఆ అధికారం కిందికి రావు. అయినా అవీ ఆ బల్ల మీదికే వచ్చేవి. మా ముత్తాతగారి తీర్పు నచ్చలేదని అమలాపురం కోర్టుకు వెళ్ళినవాడు ఒక్కడూ లేడని మా నాయనమ్మ చెప్పేది. నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను.

మా ఇంట్లో ఒక నియమం ఉండేది. ఏ ఇంటికైనా వెళ్ళాలంటే ఆ ఇంటి నుంచి మనిషి రావాలి. ఆ ఇంటి పెద్ద చెప్పి పంపిన మనిషి, వయసొచ్చిన మనిషి, మా వీధి గుమ్మం ముందు నిలబడి ఫలానావారు మిమ్మల్ని రమ్మన్నారని చెప్పాలి. దారిలో ఎదురైనప్పుడు రమ్మనడం పిలుపు కాదు. ఉత్తరం పిలుపు కాదు. పిలవడానికి వచ్చినవాడు పెరటి వైపు నుంచి వచ్చాడని మా తాతగారు సొంత మేనల్లుడి పెళ్ళికి వెళ్ళలేదు. ఈ సంగతి మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవారు. నేను మొదట నేర్చుకున్న కథల్లో అదొకటి. బంధువుల ఇళ్ళలో శుభకార్యం ఉందని తెలిస్తే మా అమ్మ అడిగే మాట ఒకటే. "మనిషొచ్చేడా?"

నాకు రాజోలు దగ్గర ఒక పల్లెలో సంబంధం కుదిరింది. మామగారు హైస్కూలు హెడ్మాస్టరు. భూమి పెద్దగా లేదు. కాలువ ఒడ్డున పెంకుటిల్లు, నాలుగు కొబ్బరిచెట్లు, ఇంటి నిండా పుస్తకాలు. బడిలోనూ ఇంట్లోనూ ఆయనకు అన్నీ రాతలో ఉండాలి. పాలవాడు ఏ రోజు ఆలస్యంగా వచ్చాడో కూడా రాసి పెట్టేవారు. పెళ్ళయిన మరుసటి ఏడు మాకు ఆడపిల్ల పుట్టింది.

పాపకు మూడో ఏడు నడుస్తుండగా ఒకనాడు మామగారు కూతురిని పది రోజులు పుట్టింటికి తీసుకెళ్ళడానికి వచ్చారు. ముందుగా ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం ఆయన వచ్చి వెళ్ళాక అందింది. ఆయన వచ్చేసరికి అరుగు మీద గట్టు తగాదా విచారణ జరుగుతోంది. మా నాన్నగారు తల పంకించి బల్ల వైపు చెయ్యి చూపించారు. మామగారు కూర్చున్నారు. ఒక పక్క పాలికాపు, ఇంకో పక్క వాడి మీద ఫిర్యాదు తెచ్చిన రైతు, మధ్యలో మామగారు. విచారణ సాగుతూ మధ్యాహ్నమైంది. మంచినీళ్ళు ఇమ్మని ఎవరూ చెప్పలేదు. నేను లోపలి గదిలో భూమి శిస్తు కాగితాలు చూస్తున్నాను. ఆయన వచ్చిన సంగతి నాకు తెలుసు. మా నాన్నగారు పిలవకుండా నేను అరుగు మీదికి వెళ్ళే అలవాటు లేదు.

విచారణ అయ్యాక నాన్నగారు, "ఆఁ, మేష్టారూ, ఏమిటి విశేషం?" అన్నారు.

"నా వంతు వచ్చిందాండీ?" అన్నారు మామగారు. లేచి నిలబడి, తలుపు వైపు తిరిగి, "అమ్మా, పాపని తీసుకుని వచ్చేయి," అన్నారు. అంతే. నా భార్య ఒక సంచీ, పాపతో బయటికి వచ్చింది. నా గది ముందు ఒక్క క్షణం ఆగింది. "మీరొచ్చి మా నాన్నగారితో ఒక్క మాట అనండి. బల్ల మీద కూర్చోబెట్టడం పొరపాటని," అంది.

"మా నాన్నగారు ఉండగా నేనెవర్ని అనడానికి?" అన్నాను.

ఆ పది రోజులు మూడేళ్ళయ్యాయి.

మధ్యలో మా నాన్నగారు పోయారు. మునసబు పని నా చేతికి వచ్చింది. నా భార్య కార్డు రాసింది. మీరు వచ్చి తీసుకెళ్తే వస్తాను అని. మీ నాన్నగారిని మనిషిని పంపమను, వస్తాను అని నేను జవాబు రాశాను. మామగారు మనిషిని పంపలేదు. ఆయనా తన వంతు మరచిపోయే మనిషి కాడు. ఊళ్ళో ఎందరో ఆలుమగలకు ఆ అరుగు మీద నేను రాజీ చేశాను. నాకు రాజీ చెయ్యగల బల్ల ఎక్కడా కనబడలేదు.

పాపకు ఐదేళ్ళు నిండాయి. అమలాపురంలో మా కుటుంబానికి తెలిసిన ప్లీడరు ఒకాయన ఉండేవారు. పెద్దవయసు, నోరు నిర్మొహమాటం. ఐదేళ్ళ లోపు బిడ్డ తల్లి దగ్గర ఉండడం సబబని కోర్టులు చూస్తాయనీ, ఆ తర్వాత తండ్రి సహజ సంరక్షకుడు కాబట్టి అర్జీ వేసుకోవచ్చనీ ఆయన చెప్పారు. "కానీ బిడ్డ బాగే కోర్టుకి ముఖ్యమండి. మీ హక్కు తర్వాత," అని కూడా అన్నారు. ఆ రెండో మాట నా చెవికి ఎక్కలేదు. నాకు కావలసింది నా కూతురు మా ఇంట్లో పెరగడం. ఆ ఇంటి ఆడపిల్లగా, ఆ అరుగు మీద తిరుగుతూ పెరగడం. అది తప్ప ఇంకేమీ అడగలేదు.

అర్జీ ఇంగ్లీషులో తయారైంది. సంతకం పెట్టే ముందు చదివాను. పాపకు సరైన తిండి పెట్టడం లేదనీ, ఇంట్లో శుభ్రత లేదనీ, తల్లికి బిడ్డ మీద శ్రద్ధ లేదనీ అందులో ఉంది.

"ఇవి నేను చెప్పలేదే," అన్నాను.

"మీరు చెప్పింది మామగారు మనిషిని పంపలేదని. అది రాస్తే జడ్జిగారు నవ్వుతారండి," అన్నారు ప్లీడరుగారు. "ఇవన్నీ మామూలుగా రాసేవే. అవతలివాళ్ళూ రాస్తారు, చూడండి."

సంతకం పెట్టాను. మూడు వారాలకు జవాబు అర్జీ వచ్చింది. అందులో నా తిండి గురించి, నా శుభ్రత గురించి ఏమీ లేదు. "అర్జీదారు తన బిడ్డను చూడడానికి ఇంతవరకు ఒక్కసారి కూడా రాలేదు" అన్న ఒక్క వాక్యం ఉంది. దాని కింద, పాప సంగతులు తెలుపుతూ మామగారు నాకు రాసిన ఉత్తరాల నకళ్ళు తారీఖుల వరుసన కుట్టి ఉన్నాయి.

కోర్టు వరండాలో వాయిదాల కోసం నిలబడడం ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. మా అరుగు మీద తలారి కేకేస్తే జనం లేచి వచ్చేవారు. ఇక్కడ బంట్రోతు గుమ్మంలోంచి నా పేరు మూడుసార్లు అరిచేవాడు, ముందొక గౌరవం లేదు, వెనకొక గౌరవం లేదు. జడ్జిగారు సెలవు మీద ఉంటే, అవతలి ప్లీడరుగారికి జ్వరం వస్తే, కాగితం ఏదో అందకపోతే, మళ్ళీ వాయిదా. అర్జీ వెనక్కి తీసుకుందామా అని ఒకసారి అడిగాను. "తీసుకుంటే బిడ్డని మీకై మీరే వదులుకున్నారని రాసుకుంటారండి అవతలివాళ్ళు," అన్నారు ప్లీడరుగారు. ఆ పైన ఆ మాట ఎత్తలేదు.

తీర్పు వచ్చేలోగా మధ్యంతర ఉత్తర్వు ఒకటి వచ్చింది. నెలలో రెండో ఆదివారం, నాలుగో ఆదివారం ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా నేను నా కూతుర్ని ఆమె తాతగారి ఇంటి దగ్గర చూడవచ్చు.

"ఇంక వెళ్ళండి," అన్నారు ప్లీడరుగారు సంతోషంగా.

"వాళ్ళు పిలవలేదు కదా."

ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశారు. "కోర్టువారు ఉత్తర్వు ఇచ్చేరండి. అంతకన్నా పిలుపేం కావాలి మీకు?"

"కోర్టు నన్ను వెళ్ళమంది. వాళ్ళు నన్ను రమ్మనలేదు."

"ఆయ్," అన్నారాయన. అది ఒప్పుకోలు కాదు, విసుగు.

ఆ నెల రెండో ఆదివారం తెల్లవారి బస్సెక్కి, గన్నవరం ఆక్విడక్టు వంతెన దాటి, రాజోలు దాకా వెళ్ళి, అక్కడి నుంచి కాలువ గట్టు వెంట నడిచాను. మామగారి ఇల్లు కాలువ అవతల. దాటడానికి చిన్న పడవ ఉంది. రెండు గట్లకూ కట్టిన మోకు పట్టుకుని పడవవాడు దాన్ని లాగేవాడు. ఆదివారం చర్చిలో ప్రార్థన చేసుకుని, తెల్ల చొక్కా మార్చకుండానే పడవ దగ్గరికి వచ్చేవాడు. నడివయసువాడు, మాటకారి.

"ఎక్కండి బాబూ. అవతలికేనాండీ?"

"నేను దాటను. కాసేపు కూర్చుంటాను."

నాకు తెలుసు, మామగారి వరండా నుంచి ఈ గట్టు కనిపిస్తుంది. నేను వచ్చానని చూస్తే మనిషిని పంపక తప్పదనుకున్నాను. ఎవరింటి ముందుకు అల్లుడు వచ్చి కూర్చున్నా అంతే చేస్తారు. గట్టు మీద సిమెంటు దిమ్మె ఒకటి ఉంది. తువ్వాలు పరుచుకుని కూర్చున్నాను. పదయింది. మామగారు వరండాలో పేపరు చదువుతున్నారు. తలెత్తి చూశారు. లోపలికి వెళ్ళి ఒక పుస్తకం తెచ్చుకుని, ఏదో రాసి, మళ్ళీ పేపరు తీశారు.

నాలుగింటి వరకు ఎవరూ రాలేదు. ముందుగా లేచి వెళ్ళిపోతే ఉత్తర్వు ఇచ్చిన హక్కు నేనే వదులుకున్నట్టు. దాటి వెళ్తే మూడు తరాల మాట వదులుకున్నట్టు. అందుకని అక్కడే కూర్చున్నాను. ఎండ దిమ్మె ఈ కొస నుంచి ఆ కొసకు జరిగింది, నేనూ జరిగాను. నాలుగు కాగానే లేచి తువ్వాలు దులుపుకుని బస్సుకు నడిచాను.

ఇంటికి చేరగానే అమ్మ అడిగింది. "మనిషొచ్చేడా?"

"లేదు."

"అయితే కూర్చున్నావు కదా, చాలు. వాళ్ళే వస్తారు."

ఇలా ఎన్ని ఆదివారాలు గడిచాయో నేను లెక్క పెట్టలేదు. దాదాపు రెండేళ్ళు. వానాకాలంలో గొడుగుతో, వేసవిలో తడి తువ్వాలు తలమీద వేసుకుని. మరచెంబులో నీళ్ళు నావే. ఆ గట్టు మీద ఎవరిదగ్గరా టీ కూడా తాగలేదు. పడవవాడికి నేను అలవాటయ్యాను.

"మునసబుగారూ, ఈ ఆదివారం కూడా మా వొడ్డేనాండీ?"

"నీ పని నువ్వు చూసుకో."

"నా పని దాటించడవేనండి. మీరొక్కరే బేరం పడనిది." మోకు మీద చెయ్యి ఆన్చి నవ్వేవాడు. "పోనీ నేను పిలవనాండీ? దయచేయండి మునసబుగారూ, అవతలి వొడ్డుకి తమరు విచ్చెయ్యాలి! పిలుపు ఎవరిదైతే ఏటండీ, కాలవ అదే కదా."

నేను మొహం తిప్పుకునేవాడిని. కానీ పాప కబుర్లు అతని దగ్గర నుంచే వచ్చేవి. పాపగారికి పన్ను ఊడిందండి. పాపగారు రెండో క్లాసు ఫస్టున పాసయ్యేరండి. నాకు కళ్ళతో తెలిసేది ఒక్కటే, ఇంటి పక్క తీగ మీద ఆరేసిన గౌన్లు. మొదట్లో అవి జేబురుమాళ్ళంత ఉండేవి. ఒక దసరా తర్వాత చూస్తే తీగ మీద పరికిణీ ఉంది. ఆకుపచ్చది, కింద జరీ అంచు. ఎవరు కొన్నారో నాకు తెలియదు. నేను కొనలేదు. ఒక్కోసారి పాప గేటు మీద కాలు పెట్టి అటూ ఇటూ ఊగుతూ నన్ను చూసేది. నేను చెయ్యి ఎత్తితే ఊగడం ఆపేది. నేను దించితే మళ్ళీ ఊగేది.

ఒక వాయిదా రోజున అమలాపురంలో రంగు పెన్సిళ్ళ పెట్టె కొన్నాను. ఆదివారం పడవవాడి చేతికిచ్చి పంపాను. కాసేపటికి అతను మడత పెట్టిన కాగితం తెచ్చి ఇచ్చాడు. మామగారి గుండ్రటి చేతిరాత. "రంగు పెన్సిళ్ళ పెట్టె ఒకటి ముట్టినది." కింద సంతకం, తారీఖు. తమ దగ్గర ఉంచుకోవడానికి దాని నకలు కూడా ఇచ్చారనీ, దాని మీద నన్ను సంతకం చేసి తిరిగి పంపమన్నారనీ పడవవాడు చెప్పాడు. చేశాను. పంపినవాడిగా సంతకం చెయ్యడంలో తప్పేముందనుకున్నాను.

ఒకసారి ఉన్నట్టుండి జడివాన పట్టుకుంది. గొడుగు తిరగబడింది. అవతలి రేవు మెట్ల మీదికి నా భార్య వచ్చింది, తాటాకు గొడుగు పట్టుకుని. నాతో కాదు, పడవవాడితో మాట్లాడింది, కానీ నాకు వినబడేలా.

"తడిసిపోతున్నారని చెప్పవయ్యా. ఇంటికి రావడానికి ఆయనేం పరాయివాళ్ళా? భార్య ఉన్న ఇంటికి, కూతురున్న ఇంటికి ఎవరైనా పిలవాలా ఏంటి?"

పడవవాడు నా వైపు తిరిగాడు. "విన్నారాండీ?"

విన్నాను. నాకు అది ప్రశ్నగా వినబడింది. రమ్మన్నట్టు వినబడలేదు. రండి అన్న ఒక్క మాట ఆమె నోట రాలేదు. ఆమె కూడా ఆ ఇంటి కూతురే, ఎంత తడుస్తున్నా అనలేదు. నేను తడుస్తూనే కూర్చున్నాను. ఆమె కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

ఇక రాయవలసింది నాకు ఇష్టం లేని సంగతి.

పాపకు ఎనిమిదో ఏడు. కార్తీకమాసం, ఎండ తక్కువగా ఉన్న నాలుగో ఆదివారం. మధ్యాహ్నం దాటింది. పాప గేటు తీసుకుని రేవు మెట్ల దాకా వచ్చి పడవవాడితో ఏదో చెప్పింది. అతను ఖాళీ పడవ లాక్కుంటూ ఇవతలికి వచ్చాడు. ఈసారి నవ్వు లేదు. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పాపగారు రమ్మంటన్నారండి."

నేను లేచి నిలబడ్డాను. లేచిన మాట నిజం. "మేష్టారు చెప్పారా?"

"మేష్టారు పడుకున్నారండి. అమ్మగారు పెరట్లో ఉన్నారు. పాపగారే చెప్పేరండి. అవతల కూర్చున్నాయన్ని తీసుకురా, నేను పిలిచేనని చెప్పు, అన్నారు."

రేవు మెట్ల మీద పాప నిలబడి చూస్తోంది. ఆకుపచ్చ పరికిణీ. మధ్యలో కాలువ వెడల్పు ఎంతో లేదు, గట్టిగా మాట్లాడితే వినబడుతుంది. కానీ పిలుపు పంపింది ఇంటి పెద్ద కాదు. చిన్నపిల్ల మాట పట్టుకుని, ఇంటాయన నిద్రపోతుండగా గేటు తోసుకుని వెళ్తే రేపు కోర్టులో ఏమంటారు? దొంగచాటుగా వచ్చాడంటారు. మా తాతగారైతే ఏం చేసేవారో నాకు తెలుసు. ఆలోచించనక్కరలేకుండా తెలుసు. అదే చేశాను.

"పెద్దవాళ్ళచేత చెప్పించమను. వస్తాను," అన్నాను.

పడవవాడు కదల్లేదు. "అలాగైతే పాపగారు పెద్దయ్యేదాకా కూర్చుంటారాండీ మరి?"

"చెప్పింది చెప్పు."

అతను వెళ్ళాడు. మెట్ల దగ్గర వంగి ఆమెతో చెప్పడం కనిపించింది. పాప ఇటు చూసింది. ఏడవలేదు. గేటు లోపలికి వెళ్ళి, గొళ్ళెం పెట్టుకోవడానికి రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి పెట్టుకుంది. ఆ రోజు సాయంత్రం అమ్మకు చెప్తే, "బాగా చెప్పేవు," అంది. ఆ మాట విన్నప్పుడు మొదటిసారి నాకు అమ్మ మీద కోపం వచ్చింది. ఎందుకో ఆమెకు చెప్పలేకపోయాను. ఆ తర్వాతి ఆదివారాల్లో గేటు మీద ఎవరూ ఊగలేదు.

అర్జీ విచారణకు వచ్చింది. బోనులో నిలబడ్డాను. అవతలి ప్లీడరు సన్నటి మనిషి, చాలా మర్యాదస్తుడు.

"తమరు గ్రామ మునసబు కదండీ?"

"అవును."

"తగాదాలు విచారించిన ఇంటివారు. మీ దగ్గరికి ఒకడొచ్చి, తాను చూడని సంగతి చూసినట్టు చెప్తే ఆ సాక్ష్యం తీసుకుంటారాండీ?"

"తీసుకోను."

"మంచిదండి. పాపకి తిండి సరిగ్గా లేదని, ఇల్లు శుభ్రంగా లేదని అర్జీలో రాసేరు. ఈ ఐదేళ్ళలో ఆ ఇంట్లోకి ఎప్పుడైనా వెళ్ళేరా?"

"లేదు."

"గేటు దాకా?"

"లేదు."

"కాలవ దాటేరాండీ, పోనీ?"

కోర్టులో ఎవరో నవ్వారు. జడ్జిగారు తలెత్తగానే ఆగిపోయారు. నేను లేదన్నాను.

అప్పుడు మామగారి పుస్తకం బయటికి వచ్చింది. బడిపిల్లల హాజరు పట్టీ. గళ్ళు కొట్టి, నెలలు రాసి, రెండో ఆదివారం, నాలుగో ఆదివారం, ఎదురుగా నా పేరు. వరసగా గైర్హాజరు, గైర్హాజరు, గైర్హాజరు. ఆయన అబద్ధం రాసే మనిషి కాడు. పక్కన వివరం గడిలో ప్రతిసారీ రాశారు, "కాలువ అవతలి గట్టున ఉన్నారు. పది నుంచి నాలుగు." కాగితాల కట్టలో పెన్సిళ్ళ పెట్టె రసీదు, దాని మీద నా సంతకం. నేను అక్కడ ఉన్నానని రుజువు చేసుకోనక్కరలేదు. వాళ్ళే చేశారు.

మా ప్లీడరుగారు మామగారిని అడిగారు. "గట్టు మీద ఉన్నారని తెలిసి ఒక్కసారైనా లోపలికి రమ్మనలేదేమండీ?"

"ఉత్తర్వులో ఆయన వచ్చి చూడవచ్చునని ఉందండి. మేము వెళ్ళి తీసుకురావాలని లేదు," అన్నారు మామగారు. తర్వాత జడ్జిగారి వైపు కాకుండా నా వైపు చూసి, "వాళ్ళింటికి నేను పిలవకుండానే వెళ్ళేనండి, ఒకసారి," అన్నారు.

జడ్జిగారు పాపను తన చాంబర్లోకి పిలిచి తలుపు వేయించుకున్నారు. తల్లినీ రానివ్వలేదు, నన్నూ రానివ్వలేదు. వరండాలో ఒక చివర నేను, ఇంకో చివర నా భార్య. మధ్యలో బెంచీ ఖాళీగా ఉంది. ఇద్దరం కూర్చోలేదు. పది నిమిషాలకు పాప బయటికి వచ్చింది. చేతిలో జడ్జిగారు ఇచ్చిన బిస్కెట్టు, కొరకకుండా పట్టుకుంది. తల్లి వైపు నడిచింది.

తీర్పు ఇంగ్లీషులో ఉంది. ప్లీడరుగారు తన గదిలో కూర్చోబెట్టి చదివి చెప్పారు. తండ్రి ఎవరో తెలుసా అని జడ్జిగారు అడిగితే, తెలుసండి, కాలవ అవతల కూర్చునే ఆయన, అంది పాప. ఆయనతో వెళ్తావా అని అడిగారు. దానికి పాప చెప్పిన మాట జడ్జిగారు అలాగే రాశారు. "నేను మనిషిని పంపేనండి. రాలేదండి."

ప్లీడరుగారు చదవడం ఆపారు. "ఇదేంటండీ? నాకు చెప్పలేదే?"

నేను చెప్పలేదు. చెప్పవలసిన సంగతని నాకు తోచలేదు.

అర్జీ కొట్టేశారు. బిడ్డ తల్లి దగ్గరే ఉండాలి. తండ్రి తనకు వీలైన ఏ ఆదివారమైనా వెళ్ళి చూడవచ్చు. అప్పీలు వేద్దామా అని ప్లీడరుగారు అడగలేదు, నేనూ అనలేదు.

నాలుగు నెలలు వెళ్ళలేదు. ఆ తర్వాత ఒక ఆదివారం, అమ్మకు చెప్పకుండా వెళ్ళి, నేరుగా పడవలో అడుగు పెట్టాను. పడవవాడు మోకు పట్టుకుని నా మొహం చూశాడు.

"పిలిచేరాండీ?"

"లేదు."

"ఆయ్," అని, ఇంకేమీ అనకుండా లాగాడు. ముప్ఫై బారలు కూడా ఉండదు ఆ కాలువ. అవతల దిగాక పడవ కూలి పుచ్చుకోలేదు.

గేటు పాపే తీసింది. "తాతగారు రాజోలు వెళ్ళేరండి. అమ్మ గుళ్ళో ఉంది. కూర్చోండి." వరండాలో కుర్చీ వేసింది. స్టీలు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. తాను గుమ్మానికి అటువైపు నిలబడింది, తలుపు పట్టుకుని. ఏ క్లాసని అడిగాను. నాలుగండి, అంది. రంగు పెన్సిళ్ళు ఉన్నాయా అన్నాను. అయిపోయేయండి, అంది. తర్వాత లోపలికి వెళ్ళి హాజరు పట్టీ తెచ్చి, కింద కూర్చుని, ఒక గడిలో ఒక మాట రాసి, "తాతగారు ఎవరొచ్చినా రాయమన్నారండి," అని చెప్పింది.

ఆ తర్వాత చాలా ఆదివారాలు వెళ్ళాను. కుర్చీ, మంచినీళ్ళు, చదువు గురించి నాలుగు మాటలు. మామగారు పేపరు చదువుతూ పక్కనే ఉండేవారు. నా భార్య లోపలి నుంచి, "మంచినీళ్ళు ఇచ్చేవా?" అని అడగడం వినబడేది. వరండా దాటి లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. నేనూ వెళ్ళలేదు. పాప నన్ను నాన్నగారని పిలిచేది, మీరు అని మాట్లాడేది. బంధువుల పిల్లలు కూడా అలాగే మాట్లాడతారు.

ఎనభైల్లో మునసబు, కరణం ఉద్యోగాలు ప్రభుత్వం రద్దు చేసింది. మా ఇంట్లో నాలుగు తరాలుగా ఉన్న రికార్డులు మూటలు కట్టి తాసిల్దారు కచేరీలో అప్పగించి వచ్చాను. అమ్మ ఆ ఏడే పోయింది. అరుగు మీదికి ఎవరూ రావడం మానేశారు. పడక కుర్చీ గుడ్డ చిరిగింది. బల్ల మటుకు అలాగే ఉంది.

పాప అమలాపురం కాలేజీలో ఇంటర్ చదువుతుండగా ఒకరోజు వచ్చింది. ఇద్దరు స్నేహితురాళ్ళతో పలివెల గుడికి వచ్చి, వాళ్ళను గుళ్ళో ఉంచి, ఒక్కతే నడిచి వచ్చింది. నేను పెరట్లో ఉన్నాను. వీధిలోకి వచ్చేసరికి అరుగెక్కి ఆ టేకు బల్ల మీద కూర్చుని ఉంది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, తన వంతు కోసం చూస్తున్నట్టు. అది ఎవరు కూర్చునే బల్లో ఆమెకు తెలుసో తెలియదో నేను అడగలేదు.

"లోపలికి రా," అన్నాను.

"ఇక్కడ బావుందండి."

"రా అమ్మా. ఇది నీ ఇల్లు. లోపల కూర్చుందువుగాని."

"బస్సు టైమవుతోందండి నాన్నగారూ." అని నవ్వింది. గుమ్మం వైపు చూసింది, లోపల నడవ అంతా కనబడుతోంది. లేవలేదు. నేను లోపలికి వెళ్ళి స్టీలు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చాను. తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, వెళ్ళొస్తానండి అంది. మూడోసారి రమ్మనడానికి నాకు నోరు రాలేదు.

ఆ నెలాఖరులో టేకు బల్లను, వీధి తలుపులను, వాటి గుమ్మంతో సహా, కొత్తపేటలో కలప అడితి నడిపే ఒకాయనకు అమ్మేశాను.